లడ్డు పందెం

“ఆటోని ఉండమనండి. వెనక్కి వెళ్ళిపోదాం,” అంది శేషారత్నం ఆస్పత్రి మెట్ల దగ్గర.

త్రినాథరావు అప్పటికే డబ్బులిచ్చేశాడు. ఆటో ఎల్బీనగర్ చౌరస్తా వైపు తిరిగిపోయింది.

“లోపలికెళ్ళి మాట్లాడుకుందాం, రత్నం.”

“మాట్లాడేందుకేముంది? నాలుగు కీమోలయ్యాయి. గడ్డ కూచున్నచోటే కూచుంది. ఇన్నిసార్లు చెబితే అద్దెకున్నవాళ్ళయినా ఖాళీ చేసేవారు.”

తన మాటకి తనే నవ్వే మనిషి ఈసారి నవ్వలేదు. త్రినాథరావుకి భయమేసింది. ఇంకో రెండు తప్పకుండా వేయించుకోవాలని, మధ్యలో ఆపితే తన చేతిలో ఏమీ ఉండదని డాక్టరు మొన్ననే చెప్పాడు.

లోపల హాల్లో వరసగా కుర్చీలు, పక్కన సెలైన్ స్టాండ్లు. కిటికీ దగ్గరి కుర్చీలో ఎవరో కొత్తాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. అది జంగయ్య కుర్చీ.

జంగయ్యది నల్లగొండ దగ్గర పల్లె. కొత్తపేట పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్ళూ అక్కడే బత్తాయి మూటలు మోశాడు. భార్య కిష్టమ్మతో బడంగ్‌పేట్‌లో ఉంటాడు. మొదటి కీమో రోజున శేషారత్నం చేతికి నరం దొరక్క సిస్టర్ మళ్ళీ మళ్ళీ పొడుస్తుంటే, ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. పక్క కుర్చీలోంచి జంగయ్య అందుకున్నాడు.

“మా ఊర్ల పద్నాలుగు బోర్లేసిన, సుక్క నీళ్లు పడలే. గీ సిస్టరమ్మ నాలుగు పోట్లకే రక్తం తీసింది. ఈమెను మా ఊరికి తోల్కపోవాలె.”

హాలంతా నవ్వింది. కిష్టమ్మ ఒక్కతే కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, “సిగ్గు లేదు ముసలోనికి,” అని కసిరింది. ఆమె నవ్వగా ఎవరూ చూడలేదు.

పందెం కూడా జంగయ్యే పెట్టాడు. “అక్కా, ముందుగాల ఈ సూదులు మానేసినోళ్లు బాలాపూర్ గణేశుని లడ్డు వేలంల పాడాలె. ఎన్ని లక్షలైనా సరే!”

మూడో కీమో నాటికి అతను కుర్చీలో లేడు. రక్తకణాలు పడిపోయాయని, పై అంతస్తులో విడిగా ఉంచారని, తనని తప్ప ఎవరినీ పోనివ్వడం లేదని కిష్టమ్మ వచ్చి చెప్పింది. ఆ రోజు నుంచి అతని మాటలు ఆమే మోసుకొస్తోంది. వెళ్ళేముందు శేషారత్నానికి మళ్ళీ ఎప్పుడో అడిగి మరీ వెళ్తుంది.

ఇవాళా వచ్చింది, భుజాన సంచితో.

“ఎట్లున్నవక్కా?”

“నా సంగతి సరే. చిక్కిపోయావేమిటే? గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఆ బొట్టు చూడు, ఎటు పోయిందో! కనుబొమలు రాలిపోయి, మధ్య ఎక్కడో తెలీక నేను తంటాలు పడుతున్నా. రెండూ ఉన్న నీకేం రోగం? ఇలా రా.”

శేషారత్నం ఆమె నుదుటి మీది స్టిక్కరు తీసి, మధ్యకి సర్ది అంటించింది. కిష్టమ్మ ఊపిరి బిగబట్టి నిలబడింది.

“జిగురే లేదు దీనికి. కొత్తది పెట్టుకోరాదూ?”

“గిదే ఉండనీ అక్కా.”

“కూచో. మీ ఆయనకి ఓ మాట చెప్పు. పందెం నేను ఓడిపోయానని. ఇవాళ సూది వేయించుకోను. ఇక రాను.”

కిష్టమ్మ త్రినాథరావు వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

“గట్లెట్ల అక్కా?”

“వాంతులు చేసుకునే ఓపిక లేదు. ఏడ్చే ఓపికా లేదు. నవ్వడానికి ఆ మనిషైనా పక్కన లేడు.”

కిష్టమ్మ లేచింది. “పందెం పెట్టినోడు ఒప్పుకోకుంటే ఎట్ల రద్దయితది? ఆగు, అడిగొస్త.”

మెట్ల వైపు వెళ్ళిపోయింది. సిస్టర్ రెండుసార్లు వచ్చి, శేషారత్నం ముడిచిన చెయ్యి చూసి వెనక్కి పోయింది. కిష్టమ్మ తిరిగొచ్చేసరికి ముఖం తడిగా ఉంది.

“అంత చెమటేమిటే?”

“లిఫ్టు నడుస్తలేదు. మెట్లెక్కిన గద.”

“ఏమన్నాడు?”

కిష్టమ్మ గొంతు సవరించుకుంది. “‘ముక్కుల పైపు పెట్టుకోని నేనే మానలే, నీ కాళ్ల మీద నువ్వు నడిచొచ్చి మానుడేంది’ అన్నడు. ‘అయినా ఇప్పుడు ఓడిపోయి లడ్డు పాడి తెస్తే ఎవరు తినాలె? నీ నోట్లె పుండ్లు, నా నోట్లె పుండ్లు. గంత పెట్టి కొన్న లడ్డు ఈగలకే. నోరు బాగయ్యేదాక ఓడిపోకు’ అన్నడు.”

శేషారత్నం నవ్వింది. పెదవి పగిలి మంటపుట్టినా, దగ్గొచ్చినా, పమిట అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. త్రినాథరావు కిటికీ వైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

“నన్ను చావనిచ్చేట్టు లేడు మీ ఆయన,” అంటూ శేషారత్నం చెయ్యి చాపింది. “సిస్టర్! రామ్మా, బోరు వెయ్యి.”

మందు ఎక్కడం మొదలయ్యాక కిష్టమ్మ సంచి అందుకుంది. “మళ్లెప్పుడక్కా?”

“మూడు వారాలకి. ఇదే రోజు.”

“ఒస్త.”

ఆమె వెళ్ళిన కాసేపటికి శేషారత్నానికి గుర్తొచ్చింది. “ఏవండీ, బత్తాయిలు తెచ్చాం కదా జంగయ్య కోసం! పరిగెత్తండి. ఇన్నేళ్ళు మోశాడు, రసమైనా తాగనివ్వండి.”

త్రినాథరావు కవరు పట్టుకుని గేటు దాకా వచ్చాడు. రోడ్డు పక్కన బడంగ్‌పేట్ షేర్ ఆటోలో కిష్టమ్మ ఒక్కతే కూచుని ఉంది. ఇంకా జనం నిండలేదు. పిలవబోయి ఆగిపోయాడు.

కిష్టమ్మ గాజులు తీసి సంచిలో వేసుకుని, నుదుటి బొట్టు ఒలిచి ఫోను వెనక అంటించుకుంది.