మద్దతు పలికిన గొంతు

కొబ్బరికాయల కమీషన్ వ్యాపారికైనా లైసెన్సు కావాలి. కంపెనీ తరఫున ఊళ్లనీ అధికారుల్నీ ఒప్పించడానికి హైదరాబాదు నుంచి దిగిన దత్తసాయికి ఏ నియమమూ అక్కర్లేదు.

ఉప్పలగుప్తంలో రొయ్యల ఫ్యాక్టరీపై ప్రజాభిప్రాయ సేకరణ. అది వస్తే తాగునీరు పాడవుతుందంటూ సువర్ణ లేచింది.

"కూర్చోండమ్మా. చనిపోయే ముందు మీ ఆయనే మద్దతిచ్చారు, వినండి" అంటూ దత్తసాయి ఫోను మైకు దగ్గర పెట్టాడు.

"ఫ్యాక్టరీ రావాలండీ. మా పిల్లలు బాగుపడతారండీ."

ఆ గొంతు పందిరంతా మోగింది. అధికారులు రాసుకున్నారు. బిరియానీ పొట్లాలు పట్టుకున్న ఊరు కిక్కురుమనలేదు.

"ఇంకోసారి వినిపించండి బాబూ" అంది సువర్ణ. కళ్లు మూసుకుని వింది.

"ఆయన గొంతెలా ఉంటుందోనని కాపురం చేసినన్నాళ్లూ అనుకునేదాన్నండీ. మా ఆయన పుట్టుమూగ."