డేగకన్ను

"నా కళ్ళజోడు చూశావా?"

బాబాయి బల్ల సొరుగులన్నీ లాగేశాడు. కుర్చీ ఎత్తి చూశాడు. చెత్తబుట్టని కూడా వదల్లేదు.

"నెత్తిమీదుంది బాబాయ్," అంది అన్న కూతురు చిన్నగా.

నలుగురిలో నోరు విప్పని పిల్ల. చేతికి ఫోను ఇస్తే మాత్రం చాకు. అందుకే బాబాయి తన కొత్త ఆఫీసుకి పిలిపించుకున్నాడు. ఆఫీసంటే టైలరు దుకాణం మీద ఒంటిగది. గుమ్మానికి బోర్డు లేదు. డిటెక్టివు గదికి బోర్డేమిటని ఆయన వాదన.

గోడౌన్‌లో గుమాస్తా పని మానేసి మరీ ఈ గది తెరిచాడు. ఇంతవరకూ ఒక్క కేసూ రాలేదు. నెలాఖరులోగా రాకపోతే మళ్ళీ ఆ గోడౌన్‌కే పోయి బస్తాల మధ్య కూర్చోవాలి.

"పిన్నికి చెప్పావా?"

"మొదటి కేసు రానీ, దర్జాగా చెప్తా. ఇప్పుడే చెబితే ఈగలు తోలుకుంటున్నానని వీధంతా చాటుతుంది."

అమ్మాయి ఆయన ప్రొఫైలు తెరిచింది. పేరు డేగకన్ను. ఫోటోలో అరువు తెచ్చుకున్న నల్లకోటు వేసుకుని, వీపు తిప్పి నిలబడ్డ మనిషి. పరిచయంలో 'సత్యమే నా శ్వాస' అని ఒకే ఒక్క ముక్క.

"ఇది చూస్తే ఆయాసం ఉన్నవాళ్ళొస్తారు బాబాయ్."

"మరేం రాయాలి?"

"డేగకన్ను అని ఎవరూ వెతకరు. ఎవరి బాధ వాళ్ళు వెతుక్కుంటారు. వాళ్ళ నోట్లోంచి వచ్చే మాటలే మనం ఇక్కడ పెట్టాలి. పేరు పక్కన పని, పని పక్కన ఊరు. ముఖం కనిపించే ఫోటో అయితే ఇంకా మంచిది."

"ముఖం చూపించాక ఇంకేం డిటెక్టివునే? వీపే ఉండనీ."

సరేనని ఆ పిల్ల పేరు పక్కన పని చేర్చింది. ఊరూ పేటా చేర్చింది. 'ఇంట్లోవాళ్ళ మీద అనుమానమా? మూడో కంటికి తెలియకుండా తేల్చి చెబుతాం' అని రాసింది. రోజూ ఒక పోస్టు పెట్టాలంది. పెట్టేముందు తనకి ఫోన్ చేసి వినిపించమంది.

బాబాయికి అదే లోకమైపోయింది. మొదట్లో ఎంత వెతికినా ఎక్కడో అడుగున ఉండే డేగకన్ను మెల్లగా పైకి పాకడం మొదలుపెట్టింది. ఆదివారం అమ్మాయి గదికొచ్చి వెతికితే ఊళ్ళో డిటెక్టివులందరికంటే పైన బాబాయి వీపే కనిపించింది.

ఆ మధ్యాహ్నమే ఫోను టింగుమంది. పంపినవాళ్ళ పేరు లేదు, ఒక గులాబీ బొమ్మ ఉంది. అమ్మాయి పైకి చదివింది.

"అయ్యా, మా ఇంట్లో ఒక మనిషి వాలకం బాగోలేదు. ఫోను మోగితే డాబా మీదికి పరుగు. అక్కడ గుసగుసలు. తనలో తనే నవ్వుకోవడం. అడిగితే మాట దాటేస్తున్నాడు. సంగతేమిటో తేల్చండి."

బాబాయి చేతులు వెనక్కి కట్టుకుని గదిలో పచార్లు చేశాడు.

"కుర్రాడు. మీసాలు కూడా సరిగ్గా వచ్చుండవు. ప్రేమ వ్యవహారం. పైకి నంగనాచిలా ఉంటాడు, లోపల పెద్ద ముదురు. ఇలాంటివాళ్ళు నా దగ్గర దాగుతారా? మీవాడి గుట్టు వారంలో మీ చేతిలో పెడతాం, ఫోటో పంపమని రాయి."

అమ్మాయి రాసింది.

"ఇక గోడౌన్ గుమ్మం తొక్కక్కర్లేదు. ఈ సాయంత్రమే మీ పిన్నికి చెప్పేస్తా. నోరెళ్ళబెట్టాలి."

మళ్ళీ టింగుమంది. ఫోటో వచ్చింది.

"ఏదీ, ఇటివ్వు. మనిషిని చూస్తే చాలు, జాతకం చెప్పేస్తా." బాబాయి జేబులు తడుముకున్నాడు. సొరుగులు లాగాడు. బల్ల కిందికి దూరాడు. "ఈ కళ్ళజోడొకటి, వేళకి కనబడి చావదు. నువ్వే చెప్పు తల్లీ, ఎలా ఉన్నాడు?"

అమ్మాయి ఫోటోని చూసింది. బల్ల కింద ఉన్న బాబాయిని చూసింది.

"కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని, మంచం కింద దాన్నే వెతుక్కుంటున్నాడు బాబాయ్."