ఎదురొచ్చిన మనిషి

రేణిగుంట స్టేషన్‌కు బొంబాయి మెయిలు రావడానికి ఇంకా పావుగంట ఉండగానే చంద్రకాంతమ్మ శకునానికి ఏర్పాట్లు మొదలుపెట్టింది.

శకునం దానంతట అది రావాలి, నిజమే. కానీ కొడుకు శేషాచలం యుద్ధానికి పోతుంటే దేవుడి మీద భారం వేసి కూర్చునే తల్లి కాదామె. తమ ఊరు ఐరాల నుంచి పక్కింటి ముత్తైదువ తాయమ్మను వెంటబెట్టుకొచ్చి, చేతికి ఇత్తడి బిందె ఇచ్చింది. శేషాచలం రైలెక్కబోయే సమయానికి తాయమ్మ కొళాయి దగ్గర నుంచి నిండుబిందెతో ఎదురు రావాలి.

"ఇది శకునమా అక్కా, నాటకమా?" అని తమ్ముడు వరదయ్య నవ్వాడు.

ఆమె నవ్వలేదు.

పెద్దకొడుకు సింగపూరు పోయిన రోజు కట్టెలమోపు ఎదురొచ్చింది. వాడి జాడ తెలియక ఏడాదిన్నర అయింది. ఈ చిన్నవాడు పటాలం నుంచి సెలవు మీద వచ్చి, అమ్మవారు పోసి, చిత్తూరు ఊరిబయట మశూచి షెడ్డులో నలభై రోజులు పడి ఉన్నాడు. అంటురోగమని కన్నతల్లిని కూడా లోపలికి పోనివ్వలేదు. అట్లా దక్కిన బిడ్డను మళ్ళీ పంపుతోంది. ఈసారి పొరపాటు జరగకూడదు.

రైలొచ్చింది.

శేషాచలం ట్రంకుపెట్టె భుజాన వేసుకుని, అటు తిరిగి జనంలో ఎవరికోసమో వెతుకుతున్నాడు. తాయమ్మ బిందె చంకనెత్తుకుంది.

సరిగ్గా అప్పుడే జనాన్ని తప్పించుకుంటూ ఒకామె వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. ఎండకు కొంగు కనుబొమ్మల దాకా లాక్కుంది. కణతల దగ్గర ఒక్క వెంట్రుక లేదు. చేతిలో ఆకు పొట్లం పట్టుకుని నేరుగా వీళ్ళవైపే వస్తోంది.

చంద్రకాంతమ్మ ఆ కణతలనే చూసింది.

రేణిగుంటలో బోడిగుండ్లకు కరువా? తిరుపతి కొండకు పోయొచ్చేవాళ్ళలో సగం గుండ్లే. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. కానీ చంద్రకాంతమ్మ కులం ఇళ్ళల్లో ఆడదాని తల బోడిగా ఉందంటే మొగుడు పోయినట్టే. భయపడ్డ మనిషికి ఇంట్లో చూసిందే బయటా కనిపిస్తుంది. కొడుకు ఇటు తిరిగేలోపే ఆమె ఉరికి అడ్డం నిలబడింది.

"ఆడనే నిలు. నీ బతుకు ఎట్ల పోయిందో పోయింది. నా బిడ్డకు మాత్రం ఎదురు రావద్దు."

వచ్చినామె ఏదో చెప్పబోయింది. చంద్రకాంతమ్మ ముఖం చూసి ఆగిపోయింది.

"అట్లనే తల్లీ" అని, గోడవైపు తిరిగి నిలబడింది.

తాయమ్మ నిండుబిందె తొణకకుండా ఎదురొచ్చింది. శేషాచలం రైలెక్కాడు. ఎక్కినవాడు కుదురుగా కూర్చోలేదు. కిటికీలోంచి మెడ సాచి, ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొస దాకా చూస్తూనే ఉన్నాడు.

"ఎవురి కోసరం రా?"

"ఎవురూ లేదులేమ్మా."

బండి కదిలింది. కళ్ళు తుడుచుకుని చంద్రకాంతమ్మ వెనక్కి తిరిగితే, ఆ మనిషి ఇంకా గోడవైపే ఉంది. కడపటి పెట్టె దాటిపోయేదాకా తల తిప్పలేదు.

"బండి పోయిందా తల్లీ?"

"పోయింది."

అప్పుడు ఇటు తిరిగింది. కొంగు జారింది. నున్నటి తలకు కొత్తగా పూసిన చందనం, నుదుట కుంకుమ, మెడలో పసుపుతాడు.

చంద్రకాంతమ్మ ఆ పసుపుతాడును మళ్ళీ చూసింది. నీ మొగుడు ఉన్నాడా అని తడబడుతూ అడిగింది. నిక్షేపంగా ఉన్నాడని ఆమె చెప్పింది.

"మరి చెప్పకపోతివే?"

"బిడ్డను పంపేటప్పుడు మీరు అంత భయపడతా ఉంటే, ఏం చెప్పేది తల్లీ? సల్లగా తిరిగొస్తాడులే."

కొండ ప్రసాదమంటూ ఆకు పొట్లం చంద్రకాంతమ్మ చేతిలో పెట్టి, జనంలో కలిసిపోయింది. ఎవరిని సాగనంపడానికి వచ్చావని అడగాలని కూడా చంద్రకాంతమ్మకు తోచలేదు.

ఇంటికి చేరాక అన్నం సహించలేదు. ముత్తైదువను పట్టుకుని విధవను చేసిన నోటికి ఏ ప్రాయశ్చిత్తం సరిపోతుంది? రోజూ అమ్మవారికి కుంకుమ పూజ చేసింది. పొద్దున లేస్తే గోడవైపు తిరిగి నిలబడ్డ ఆ వీపే కనిపించేది. ఎవరో ఏమో, ఆమె మళ్ళీ కనబడేదా పెట్టేదా, మరిచిపొమ్మన్నాడు వరదయ్య. చంద్రకాంతమ్మ బాధ కూడా అదే. కనబడితే కాళ్ళు పట్టుకునేది.

పన్నెండో రోజు పూనా నుంచి కార్డు వచ్చింది. చంద్రకాంతమ్మకు చదువు రాదు. వరదయ్య గడపలో కూర్చుని చదివాడు.

"అమ్మకు దండాలు. క్షేమంగా చేరాను. నీ దగ్గర ఒక సంగతి దాచాను. షెడ్డులో నా పుండ్లు కడిగి గంజి తాగించింది పెంచలమ్మ అనే ఆయా. ఆమె చేతి కూడు తిన్నానంటే ఏ కులమని అడుగుతావని భయపడి చెప్పలేదు. స్టేషనుకు తప్పక వస్తానని మాట ఇచ్చింది, ఎందుకో రాలేదు. నువ్వు ఒకసారి చిత్తూరు పోయి, నేను బతికితే తలనీలాలు ఇస్తానని కొండకు మొక్కుకున్న ఆ తల్లికి నా దండం చెప్పు."