వజ్రపు గీత

"నేను బిష్టుపూర్ బజారుకెల్తన్నాను. ఆ దుకాణంలోనే కూకుని నా రాయి నాకిమ్మని అడుగుతాను" అంటూ కస్తూరమ్మ చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

అల్లుడు మురళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పెళ్ళిలో కూతురికి తను పెట్టిన వజ్రపు ముక్కుపుడక మునుపటిలా మెరవడం లేదని ఆవిడ పొద్దుటినుంచీ ఒకటే గొడవ. ఆమధ్య మర వదులైతే బిగించిన కంసాలే రాయి మార్చేశాడని తేల్చేసింది. పాపం, అతన్ని అనుమానించడం అన్యాయమని మురళి నచ్చజెప్పబోయాడు. అది అన్యాయమని అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. పుడకను ఆ దుకాణానికి తీసుకెళ్ళి, వజ్రం అమ్మేసి, దాని చోట నకిలీ మెరుపురాయి పెట్టించింది మురళే. అత్తగారు అక్కడ మెట్టెక్కితే చాలు, కంసాలి ఒక్క మాటతో అతని పరువు పోతుంది. పరువు సంగతి అటుంచి, భార్య సౌజన్య ఇక అతని మొహం చూస్తుందో లేదో.

మిక్సీ ఆపి సౌజన్య వంటింట్లోంచి వచ్చింది. "దానికి అంత దూరం ఎందుకమ్మా? ఇంట్లో మిషనుంది కదా" అంటూ ముక్కుపుడక తీసి మొగుడి అరచేతిలో పెట్టింది. మొన్న పసుపులో రంగు కలిసిందని ఆ మిషనే పట్టేసిందని తల్లికి గొప్పగా చెప్పుకుని, మళ్ళీ పిండి దగ్గరికి వెళ్ళిపోయింది.

మిషను కిటికీ లేని సామాన్ల గదిలో ఉంది. ఏదో కాలేజీవాళ్ళు పారేస్తే తుక్కు దుకాణానికి చేరిన, వెలుగును రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రోమీటరు, దాని పక్కన మూత ఉన్న రేకు పెట్టె, పెట్టెలోకి గురిపెట్టిన పచ్చ లేజరు. లేజరు వెలుగు పడితే ఏ వస్తువైనా దాని రంగును రవ్వంత మార్చి తిప్పి పంపుతుంది. ఆ మార్పే తెర మీద గీతలుగా లేస్తుంది, గీతల్ని బట్టి వస్తువేదో చెప్పొచ్చు. వజ్రానికైతే నిటారుగా ఒకే ఒక్క గీత. చవక లేజరుతో మురళి మొట్టమొదట ఆ గీతను చూసింది ఈ పుడక మీదే. ఆ సంబరంలో ఇంకా మంచి లేజరు కావాలనిపించింది. రాయి అమ్మి కొన్నది ఈ లేజరునే. ఇప్పుడు రాయి మారిందని సాక్ష్యం చెప్పబోయేదీ ఇదే.

తను కూడా లోపలికి వస్తానంది కస్తూరమ్మ. వద్దంటే అనుమానం, రమ్మంటే ప్రాణసంకటం. ఆవిడ లేజరు కళ్ళకు తగలకుండా మురళి ఇచ్చిన నారింజరంగు కళ్ళద్దాలు పెట్టుకుని, తలుపు మూసి, దానికే ఆనించి పీట వేసుకుని కూర్చుంది. ఆవిడ లేస్తే తప్ప బయటికి దారి లేదు. బల్ల అదురుతుందని మురళి ఫ్యాను కట్టేశాడు.

"కంపెనీ క్వార్టర్లో పుట్టినోడివి, ఈ గోవింద్‌పూర్‌లో ఎలాగుంతన్నావో బాబూ" అంది ఆవిడ కొంగుతో విసురుకుంటూ.

అలవాటవుతోందన్నాడు మురళి. బారిడీహ్‌లోని కంపెనీ క్వార్టర్ నుంచి ఈ అద్దె ఇంటికి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఇక్కడి దోమలకూ నీళ్ళ ట్యాంకరుకూ అలవాటు పడ్డాడు, మిగతావాటికి ఇంకా పడలేదు.

"ఇది తప్పు చెప్పదు గదా?"

"లేజరు పడందే గీత రాదత్తా. దీనికి అబద్ధం తెలీదు."

పుడకను పెట్టెలో పెట్టి మూత వేశాడు. గదిలో లైటు ఆర్పాడు. చీకట్లో తడుముకుంటూ గోడ బోర్డు మీద లేజరు స్విచ్ వేశాడు. వెలుగు పొక్కకూడదని లేజరు మీది చిన్న దీపానికి ఎప్పుడో తనే నల్ల టేపు అంటించాడు. వంటింట్లో మిక్సీ చప్పుడు ఆగిపోయింది. సౌజన్య కూడా వచ్చి పక్కన కూర్చుంటుందేమోనని అతనికి భయం వేసింది.

ఇక ఆలస్యం చెయ్యలేదు. ఒళ్ళో ఉన్న ల్యాప్‌టాప్‌లో పాత ఫైలు వెతికి పట్టుకున్నాడు. అసలు వజ్రం ఉన్న రోజుల్లో దాచుకున్న గీత అది. వెంటనే చూపిస్తే బాగోదని కాసేపు ఊరికే కూర్చున్నాడు. చెమట వీపు మీదుగా కారుతోంది. రాయి నకిలీదని తేలితే కంసాలిని దొంగని చేసి వీధికెక్కిస్తానని చీకట్లోంచి ఆవిడ చెబుతూనే ఉంది. చెప్పేసి కాళ్ళ మీద పడదామని ఒక్క క్షణం అనిపించింది. కానీ సిగ్గుతో చచ్చిపోతూ మీట నొక్కాడు.

తెర మీద ఒంటరిగా, నిటారుగా గీత లేచింది.

"వజ్రమే అత్తా."

కస్తూరమ్మ కళ్ళద్దాలు తీసేసి రెండు చేతులూ జోడించింది. బంగారంలాంటి కంసాలిని నోటికొచ్చినట్టు తిట్టానని లెంపలేసుకుంది. పీట పక్కకు జరిపి తలుపు తీసింది. హాల్లోంచి మధ్యాహ్నపు వెలుతురు లోపలికి వచ్చింది. మురళికి చాలాసేపటి తర్వాత ఊపిరి ఆడింది.

గుమ్మంలో సౌజన్య నిలబడి ఉంది. చేతిలో మిక్సీ గిన్నె, అందులో సగం నలిగిన పప్పు. తెర మీది గీతను చూసింది. పెట్టెను చూసింది.

"ఇది ఇప్పుడే వచ్చిందా?"

"నా కళ్ళ ముందే వచ్చినాది. లేజరు పడందే గీత వత్తాదేటే" అంది కస్తూరమ్మ.

సౌజన్య చెయ్యి చాపి తలుపు పక్కనున్న లైటు స్విచ్ నొక్కింది. ఇంకోసారి నొక్కింది. తర్వాత మురళి వైపు తిరిగి మెల్లగా అంది.

"మీరు లైటార్పగానే కరెంటు పోనాది. ఇంకా రానేలేదు."