కారుకు తలంటు

"ఆయిలు ఎప్పుడెప్పుడు మారుస్తారండీ?"

వీధిలో కారు తుడుచుకుంటున్న మార్కండేయులు తలెత్తి చూశాడు. ఎవరో కొత్త మనిషి. ఉతికిన పంచె, చేతిలో ఖాళీ కిరసనాయిలు డబ్బా.

"ఉగాదికీ, దసరాకీ. పండక్కి మాకు తలంటు, దీనికి ఆయిలు," అన్నాడు మార్కండేయులు గర్వంగా.

బెజవాడ గవర్నర్‌పేటలో అతనికి బట్టల కొట్టు ఉంది. యుద్ధం అయిపోయాక ఓ పాత కారు కొన్నాడు. కొట్టుకు నడిచే వెళ్ళేవాడు, కారును మాత్రం రోజూ తుడిచేవాడు. ఎవరి పిచ్చి వారికానందం.

"వానాకాలంలో నెలనెలా మార్చండి. తీసేసిన ఆయిలు నాకిప్పించండి. పారబోసే శ్రమ మీకుండదు," అన్నాడు కొత్త మనిషి.

కారు మంచి కోరేవాడు దొరికితే మార్కండేయులు కాదనలేడు.

"అలాగే. మీ పేరు?"

"సంజీవరావండీ. భవానీపురం నుంచి వస్తున్నా."

అరుగు మీదకు వచ్చిన పిల్లను చూసి ఆగాడు. "పాప కులాసాయేనా?"

కులాసాయే. కానీ ఇంట్లో అందరి ప్రాణాలూ ఆ పిల్ల మీదే ఉన్నాయి.

ఆరేళ్ళ శివపార్వతి. ఈ ఇంట్లోకి అద్దెకు వచ్చిన మొదటి వానాకాలమే చలిజ్వరం పట్టుకుంది, ఒక పట్టాన వదల్లేదు. "ఇంకోసారి వస్తే పిల్ల తట్టుకోలేదు," అని డాక్టరు చెప్పేశాడు. ఆనాటినుంచీ మబ్బు పడితే చాలు, తల్లి బాలత్రిపురసుందరికి అన్నం సయించేది కాదు.

వానలు మొదలయ్యాయి. మార్కండేయులు నెలనెలా ఆయిలు మార్చాడు. సంజీవరావు నెలనెలా వచ్చి డబ్బాలో పోయించుకున్నాడు. వచ్చినప్పుడల్లా అదే మాట.

"పాప కులాసాయేనా?"

పాప చినుకుల్లో చెంగుచెంగున గెంతుతోంది. జ్వరం జాడే లేదు.

"దుర్గమ్మ తల్లి చలవ," అని బాలత్రిపురసుందరి కొండెక్కి అమ్మవారికి చీర పెట్టి వచ్చింది.

"డాక్టరు గారి హస్తవాసి," అని మార్కండేయులు ఆయనకు పంచెల చాపు పంపాడు.

సంజీవరావుకు మంచినీళ్ళు కూడా ఎవరూ ఇవ్వలేదు.

భాద్రపదంలో బ్రేకులు సరిగ్గా పట్టడం లేదని కారును మెకానిక్కు పుల్లయ్య దగ్గరకు తీసుకెళ్ళాడు. పుల్లయ్య పనిలో పనిగా ఆయిలు కూడా చూశాడు.

"ఇదేంటి షావుకారు గారూ, ఆయిలు నల్లబడనే లేదు, తేనెలా ఉంది?"

"నెలనెలా మారుస్తున్నానోయ్!"

"నెలనెలానా! వెయ్యి మైళ్ళకోసారి మారిస్తే చాలండీ. మీ కారు ఏడాదంతా తిరిగినా అంత తిరగదు. ఎవడో మీకు టోపీ పెట్టి, మంచి ఆయిలు పట్టుకెళ్ళి అమ్ముకుంటున్నాడు."

మార్కండేయులుకు ఒళ్ళు మండింది. ఊరందరికీ బట్ట చింపి ఇచ్చే తనకే టోపీయా!

సంజీవరావు ఈసారి వచ్చీ రాగానే మార్కండేయులు అరుగు మీంచే కేకేశాడు.

"ఏమయ్యా, నెలనెలా మార్చడం కారుకు అంత అవసరమా?"

సంజీవరావు తల దించుకున్నాడు.

"కారుకు అవసరం లేదండీ."

"ఒప్పుకున్నావుగా! ఇక మా గడప తొక్కకు."

"అలాగేనండీ. పాప..."

"మా పాప సంగతి నీకెందుకు?"

ఆయన ఖాళీ డబ్బాతో వెళ్ళిపోయాడు.

కొద్దిరోజులకే ఇంట్లో దోమలు ముసిరాయి. పొద్దున లేచేసరికి పాప చేతుల నిండా దద్దుర్లు. "ఏవండీ, ఈ దోమకాటుకు మళ్ళీ చలిజ్వరం తగులుతుందేమో," అని బాలత్రిపురసుందరి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పక్కింటి సుబ్బరత్నం ఆ రోజే ఉయ్యూరులో కూతురికి పురుడు పోసి తిరిగి వచ్చింది.

"ఆ డబ్బా ఆయన రావడం లేదేంటయ్యా?" అంది దోమలను తోలుకుంటూ.

"వాడా? దొంగ వెధవ పిన్నిగారూ. ఆయిలు అమ్ముకుంటున్నాడు."

"అమ్ముకోవడమేంటి! అదంతా మీ పెరటిగోడ వెనకాల గుంటలోనే పోసేవాడు. నీళ్ళ మీద నూనె తెట్టు కడితే దోమపిల్లలు చస్తాయట. గుంట చుట్టూ తిరిగి మరీ పోసేవాడు. నా కళ్ళతో చూశాను."

మార్కండేయులు గబగబా పెరటి గుమ్మం దాటాడు.

వెళ్ళి చూశాడు. గుంట నిండా వాననీళ్ళు, నీళ్ళ నిండా గిలగిల కదిలే పురుగులు. అప్పటికప్పుడు కారు కింద దూరి ఆయిలంతా దింపి గుంటలో పోశాడు. కొత్త ఆయిలు నింపి, ఆ జిడ్డు చేతులతోనే కారును భవానీపురం పరుగెత్తించాడు.

సంజీవరావు లేడు. ఉద్యోగం బదిలీ అయి మొన్ననే సామాను సర్దుకున్నాడన్నారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. మార్కండేయులు ఆ ఖాళీ ఇంటి వాకిట్లోంచే కారు వెనక్కి తిప్పాడు. తను అన్న మాటలు తనకే చేదుగా అనిపించాయి.

వానలు వెనకబట్టేదాకా గుంటలో ఆయిలు అతనే పోశాడు. "ఈ షావుకారుకు మతి పోయింది," అని పుల్లయ్య నవ్వాడు. నవ్వితే నవ్వనీ. జ్వరం పాప దరిదాపులకు రాలేదు. దసరా నాడు కారుకు బంతిపూల దండ వేసి, పాపను పక్కన కూర్చోబెట్టుకుని, హారన్ కొట్టుకుంటూ ఊరంతా తిప్పాడు. అంత సంతోషం ఆ ఇంట్లో ఎన్నాళ్ళకో.

తిరిగి వచ్చాక, అరుగు మీద కూర్చున్న సుబ్బరత్నాన్ని అడిగాడు.

"నిజం చెప్పి అడిగితే నేను ఇవ్వనా పిన్నిగారూ? అసలు ఊళ్ళో ఇన్ని గుంటలుండగా, అంత దూరం నుంచి మా గుంటకే ఎందుకొచ్చేవాడు?"

సుబ్బరత్నం లోపలికి తొంగి చూసింది. బాలత్రిపురసుందరి వంటింట్లో ఉంది. గొంతు తగ్గించింది.

"వింటే పాప తల్లి హడలిపోతుందని, చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడయ్యా. మీకు ముందు ఈ ఇంట్లో అద్దెకున్నది ఆయనే. మన పాప ఈడు కూతురు చలిజ్వరంతో ఇక్కడే కన్నుమూసింది."