అడుగంటిన కూర

"ఇంకొంచెం మాడనివ్వమ్మా," అన్నాడు కొడుకు.

అమ్మ అప్పటికే గరిటెతో అడుగు గీకేసింది. సెగ తగ్గించి, గిన్నె అంచుల వెంట నాలుగు నీటి చుక్కలు చిలకరించింది. మాంసం, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఎర్రగా నిగనిగలాడుతూ ఉడుకుతున్నాయి. ఎక్కడా మాడలేదు.

వంటమాస్టరు ఆ గిన్నెని కూడా పక్కన పెట్టాడు. పొద్దున్నించి వండినవన్నీ అక్కడే వరసగా ఉన్నాయి.

ఆ హోటల్లో అన్నీ ఇళ్ళ వంటలే. ఏదో దేశపు అమ్మమ్మ చేసే రొట్టె, ఇంకో దేశంలో ఎవరి మేనత్తో కాచే చేపల సూపు. తరాలుగా ఆ ఇళ్ళలో వండుకుంటున్నవి. మెనూలో ప్రతి వంట పక్కనా దాని కథ ఉంటుంది. జనం కథ చదువుతారు, తింటారు, మళ్ళీ వస్తారు.

అన్నిటికంటే పైన ఉండేది కొడుకు సొంత ఇంటి కూర. దాని కథ తనే రాసుకున్నాడు.

"మా నాన్న సరుకు లారీ నడిపేవాడు. ఆయన ఇంటికొచ్చిన రోజే అమ్మ ఈ కూర వండేది. ఆయన్ని చూసిన సంతోషంలో పొయ్యి సంగతి మరిచిపోయేది. అందుకే దీనికి కాస్త మాడు వాసన. నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని, అచ్చం మా అమ్మ వండినట్టే ఉంది అనేవాడు."

అది చదివి కొందరు కళ్ళు తుడుచుకునేవారు.

పాత పొయ్యి పాడై కొత్తది పెట్టించాక ఆ వాసన పోయింది. తక్కువ మాడితే తెలియట్లేదు, ఎక్కువ మాడితే చేదు. ఇది ఆ కూర కాదంటూ ఎప్పుడూ వచ్చేవాళ్ళే పళ్ళేలు సగంలో వదిలేస్తున్నారు. ఇవాళ కుదరకపోతే మెనూలోంచి తీసేస్తానని కొడుకు భార్యతో అన్నాడు. అన్నాక అన్నం సహించలేదు. చివరికి అమ్మని తీసుకొచ్చాడు. హోటల్ పెట్టాక ఆవిడ ఈ వంటగదిలో అడుగుపెట్టడం ఇదే మొదలు.

"అమ్మగారూ, జుట్టు నెరిసేదాకా మాడకుండా వండటం నేర్చుకున్నాను," అన్నాడు మాస్టరు. "ఇప్పుడు మాడ్చమని మీ అబ్బాయి జీతమిస్తున్నాడు. అదీ చేతకావట్లేదు. మీరెలా మాడ్చేవారో చెబితే నా ఉద్యోగం నిలబడుతుంది."

అమ్మ నవ్వలేదు. కోపం వల్ల కాదు. ఆవిడ అంతే. కుళాయి సరిగ్గా కట్టేశారో లేదో చూసినట్టు చూస్తుంది ఎవరినైనా.

"నేను మాడ్చలేదు బాబూ. అదే మాడేది."

"అదే మాడేదట సార్. మన గిన్నెలకి అంత తెలివి లేదు."

ఇంకో గిన్నె ఎక్కించారు. ఈసారి కొడుకు గరిటె లాగేసుకున్నాడు. అమ్మ ఇచ్చేసింది. చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు గాల్లో ఉండి, బల్ల అంచు పట్టుకున్నాయి. ఉల్లిపాయలు రంగు మారాయి. అడుగున చిటపట మొదలైంది. అమ్మ చెయ్యి వెళ్ళి పొయ్యి కట్టేసింది.

"మళ్ళీ కట్టేశావేంటమ్మా."

"మాడిపోతోందిగా."

"మాడాలనేగా ఇదంతా."

"ఎదురుగా నిలబడి, తెలిసి తెలిసి ఎలా మాడనిస్తాంరా?"

కొడుకు తల పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. కాసేపటికి తనలో తనే నవ్వుకుంటూ మాస్టరుకి చెప్పాడు.

"బండి హారన్ వినపడితే చాలు, అమ్మ నన్ను పక్కింటి పిన్నిగారింటికి తరిమేసేది. ఆడుకో పో, పిలిచినప్పుడు రా అనేది. పిలిచేసరికి ఇల్లంతా ఈ వాసనే. నాన్న అలిసిపోయి కూర్చుని ఉండేవాడు. గిన్నె అడుగు గీకి నాకే పెట్టేవాడు. అమ్మేమో వంటింట్లోంచి బయటికే వచ్చేది కాదు."

"ఎన్నాళ్ళకో వచ్చిన మనిషాయె," అన్నాడు మాస్టరు, మీసంలో నవ్వుతూ. "పెద్దవాళ్ళ ముచ్చట్లు మనకెందుకులెండి సార్. పిల్లల్ని పక్కింటికి పంపని కాపురం ఎక్కడుంది?"

కొడుకు చెవులు ఎర్రబడ్డాయి. అమ్మ తడిగుడ్డ తీసుకుని పొయ్యి చుట్టూ తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

మాస్టరు ఆఖరి గిన్నె పొయ్యి మీద పెట్టాడు. మాంసం ఇంక లేదు. బయట హాల్లో కుర్చీలు జరుగుతున్న చప్పుడు. మధ్యాహ్నం భోజనాలకి జనం రావడం మొదలైంది.

కొడుకు లేచి అమ్మ దగ్గరికెళ్ళి, గొంతు తగ్గించాడు.

"సిగ్గుపడకమ్మా. నాన్న పోయి ఎన్నేళ్ళయింది, ఇప్పుడెవరేమనుకుంటారు? నువ్వు వండక్కర్లేదు. ఒక్కటి చెప్పు చాలు. నాన్న రాగానే పొయ్యి వదిలేసి వెళ్ళేదానివి కదా. మళ్ళీ ఎప్పుడొచ్చి దించేదానివి? అంతసేపూ మాస్టరు మూత ముట్టుకోడు."

"ఒక్కోసారి ఒక్కోలా ఉండేది."

"కొంచెమే మాడిన రోజులు కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి. బొగ్గయిన రోజులూ ఉన్నాయి. నీకు గుర్తులేదేమో."

"సరే, మామూలు రోజు సంగతి చెప్పు. బాగా కుదిరిన రోజు. ఎంతసేపు వదిలేసేదానివి?"

మాస్టరు మూతపెట్టి, టైమరు మీద వేలు ఉంచి ఎదురుచూస్తున్నాడు. అమ్మ తడిగుడ్డని మడిచింది. అంచులు కలవలేదని విప్పి, మళ్ళీ మడిచింది.

"మీ నాన్నకి కొట్టీ కొట్టీ చెయ్యి నొప్పి పుట్టేదాకా," అంది, ఉప్పెంత వెయ్యాలో చెబుతున్నట్టు.