మెర్విన్ వేసిన నూనె

"లెన్సు మీద మూత తీయడం మర్చిపోయావు. ఒప్పుకోరాదూ?" అంది డాఫ్నే, షాపులోకి అడుగుపెడుతూనే.

"తీశాను వదినా. షట్టరే అంటుకుపోయింది," అన్నాడు లిండ్సే. వారం నుంచీ అదే మాట అంటున్నాడు. ఇవాళ గొంతులో ధీమా లేదు.

ఆ కెమెరా అతని తండ్రిది. కన్ను పెట్టి చూసే అద్దం లెన్సుతో సంబంధం లేకుండా పైన విడిగా ఉంటుంది. మూత తీయకపోయినా కంటికి అంతా మామూలుగానే కనిపిస్తుంది. పోయిన క్రిస్మస్‌కి లిండ్సే అలాగే తీశాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ ఫిల్మ్‌లో ఉండాల్సింది అతని అన్న మెర్విన్. పడవలో నిలబడి, పట్టిన చేపను పైకెత్తి చూపిస్తున్న మెర్విన్. మరుసటి ఆదివారానికి మనిషి లేడు. ఫిల్మ్ కడిగితే ఒక్క బొమ్మ లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు గాజులా ఉంది.

హోబార్ట్ ఊళ్లో పాత కెమెరాలు బాగుచేసేదీ, ఇంకా ఫిల్మ్ కడిగేదీ గ్వెన్ ఒక్కతే. ఆమె ఫ్రిజ్ తెరిచి, పాల సీసా పక్కనుంచి కెమెరా తీసింది.

"అయ్యో, దాన్ని వంకాయలా దాచావా?" అంది డాఫ్నే.

"చలికే షట్టరు రెక్కలు అంటుకుంటాయమ్మా. పడవలో మంచుగాలి కొట్టింది కదా. అందుకే చల్లబరిచి చూడాలి."

గ్వెన్ లెన్సును తన వైపుకు తిప్పుకుని బొత్తాం నొక్కింది. సన్నటి లోహపు రెక్కలు విచ్చుకుని మూసుకున్నాయి. షట్టరు వేగం బాగా తగ్గించి మళ్లీ నొక్కింది. మళ్లీ విచ్చుకున్నాయి. ఎక్కడా జిడ్డు లేదు.

కౌంటరుకు అవతలివాళ్లకు క్లిక్ మన్న చప్పుడే వినిపించింది.

"నేనే అయితే నేనేనని చెప్పేయమ్మా," అన్నాడు లిండ్సే. "అన్నయ్య సమాధి దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లడం లేదు."

గ్వెన్ తలెత్తలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"షట్టరే. లోపల నూనె జిగురుకట్టింది. చప్పుడైతే వస్తుంది, రెక్కలు తెరుచుకోవు."

లిండ్సే రెండు చేతులతో కౌంటరు పట్టుకుని గట్టిగా ఊపిరి వదిలాడు.

డాఫ్నే మొహం మాత్రం పాలిపోయింది. "నూనె మెర్విన్ వేశాడు. మీట బిగుసుకుందని, నా కుట్టుమిషన్ నూనె. వద్దు మొర్రో అంటే విన్నాడా!" కుర్చీలో కూలబడింది. "తన బొమ్మలు తనే పోగొట్టుకున్నాడన్నమాట."

గ్వెన్ లెన్సుకు మూత పెట్టింది.

"అన్నయ్య చెయ్యి పడ్డాక ఏది బాగుపడింది గనక వదినా? పడవ ఇంజనూ అంతేగా," అన్నాడు లిండ్సే. డాఫ్నే ఏడుస్తూనే నవ్వింది. మరిది చెయ్యి పట్టుకుంది.

"నిన్ను నానా మాటలూ అన్నాను."

"పోనిద్దూ."

వెళ్తూ వెళ్తూ ఆమె సంచిలోంచి కాగితం పొట్లం తీసి కౌంటరు మీద పెట్టింది. "ఆల్చిప్పల కూర నింపి కాల్చిన స్కాలప్ పై. ఇంకా వేడిగానే ఉంది, తినమ్మా. దాచకుండా నిజం చెప్పావు."

తలుపు మూసుకుంది. గ్వెన్ ఆ పొట్లాన్ని ముట్టుకోలేకపోయింది.

సీసాలు తారుమారై, బొమ్మలు తేల్చే మందుకు బదులు వాటిని కరిగించేసే మందు తానే ముందు పోసేసిందని, ఫిల్మ్ కడిగిన రోజునే ఆమెకు తెలుసు.